కేసముద్రం స్టేషన్‌లో పుట్టిన పాట

పాలు పొంగకముందే స్టవ్ తగ్గించి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వినోద ముందుగదిలోకి వచ్చింది. కిటికీ పక్కన కుర్చీలో ఓంప్రకాశ్ అప్పటికే తయారై కూర్చున్నాడు. పది నెలల కిందట పక్షవాతం వచ్చి అతని కుడి చెయ్యీ కాలూ చచ్చుబడ్డాయి, మాట పూర్తిగా పడిపోయింది. రాతా పోయింది, మంచినీళ్లు కావాలన్నా సైగే. అయితే దవాఖానలో డాక్టరమ్మ ఒక ఆశ చూపించింది. మాట పోయినవాళ్లకు ఒక్కోసారి పాట మిగులుతుందట. నోటికి బాగా అలవాటైన పాట రోజూ పాడించమంది.

శివనగర్‌లోని ఆ చిన్న ఇంట్లో పాటకు కరువు లేదు. ఇద్దరూ ఆర్కెస్ట్రాలో పాడి బతికినవాళ్లే. ఓంప్రకాశ్ హార్మోనియం వాయిస్తూ ఎత్తుకుంటే, వినోద పక్కన నిలబడి అందుకునేది. ఎన్ని వందల పాటలు పాడినా జనం వాళ్లను గుర్తుపెట్టుకున్నది ఓంప్రకాశ్ సొంతంగా కట్టిన ఒక్క యుగళగీతంతోనే. పెళ్లయిన మరుసటేడు అది క్యాసెట్‌గా వచ్చింది. ఇప్పటికీ బరాత్‌లో ఆ పాట పెడితే ముసలివాళ్లు కూడా అడుగు కదుపుతారు.

"రైలు వస్తాందే పిల్లా, జర నా పక్కన నిలవడే" అని ఓంప్రకాశ్ ఎత్తుకున్నాడు. ఒక్క అక్షరం పలకలేని నోట్లోంచి మాటలు తడబడకుండా వచ్చాయి.

"నిలవడితే ఏమొస్తది పిల్లగా, రైలేమన్న ఆగుతదా" అని వినోద అందుకుంది.

"ఆగితే ఎక్కుతవా పిల్లా, నాతోని వస్తవా."

"ఎక్కెటోళ్లు ఎక్కుతరు పిల్లగా, నేను సాగనంప వచ్చిన."

పెళ్లిచూపుల నాడు తాను సిగ్గుతో ముభావంగా ఉందనీ, ఆ బెట్టునే ఆయన పాటగా మలిచాడనీ వినోద నమ్మకం. ఎవరడిగినా అదే చెప్పేది. ఓంప్రకాశ్ ఏనాడూ ఔననలేదు, కాదనలేదు. వారం కిందట కొడుకు వినయ్ వాళ్లిద్దరూ పాడుతుండగా ఫోన్‌లో వీడియో తీసి, 'మా అమ్మ కోసం మా నాన్న రాసిన పాట' అని పెట్టాడు. వేలమంది చూశారు.

అలా చూసినవాళ్లలో ఒకమ్మాయి ఆ ఉదయమే వచ్చి తలుపు తట్టింది. పాతికేళ్లుంటాయి. పేరు ఆఫ్రీన్ అనీ, కేసముద్రంలో ఒక బడిలో పాఠాలు చెబుతాననీ అంది. పాట మీద అభిమానంతో వచ్చిన పిల్ల కాబోలనుకుని వినోద చాయ్ ఇచ్చి కూర్చోబెట్టింది. ఆ అమ్మాయి చాయ్ ముట్టకుండా సంచిలోంచి అట్ట చిరిగిన నోటుబుక్కు తీసింది.

"మా అమ్మీ పేరు మెహనాజ్, ఆంటీ. రెండు నెలలైంది చనిపోయి. ఇది ఆమె బట్టల సందూకల దొరికింది. ఎవ్వరి పెండ్లిల ఈ పాట పెట్టినా అమ్మీ లేచి లోపటికి పోయేది. ఎందుకంటే తలనొప్పి అనేది. మీరు జర చెప్తరేమోనని వచ్చిన."

పేజీకి ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఉర్దూ అక్షరాలు. తెలుగు రాత ఓంప్రకాశ్‌ది. కుడివైపు ఒరిగిపోయే ఆ అక్షరాలను వినోద చీకట్లో అయినా గుర్తుపడుతుంది. 'రైలు వస్తాందే పిల్లా' అని ఉంది. ఉర్దూ మీడియంలో చదువుకున్న మెహనాజ్ తన జవాబులను తెలుగు మాటల్లోనే, తనకు వచ్చిన అక్షరాలతో రాసుకుంది. ఆఫ్రీన్ వాటి మీద వేలు పెట్టి చదివింది. "నిలవడితే ఏమొస్తది పిల్లగా..." పేజీ పైన కేసముద్రం స్టేషన్ అని రాసి, తేదీ వేసి ఉంది. వినోద పెళ్లికి ఏడాదిన్నర ముందటి తేదీ.

పేజీ తిప్పబోతున్న ఆ పిల్ల చేతిని వినోద పట్టుకుంది. "చాలు బిడ్డా" అంది. ఆయనకు ఒంట్లో బాగాలేదు, మళ్లీ ఎప్పుడైనా రమ్మంది. తప్పు చేశానేమోనని ఆఫ్రీన్ కంగారుపడి, తన ఫోన్ నంబరూ ఇంటి గుర్తులూ రాసిచ్చి, నోటుబుక్కు అక్కడే ఉంచి వెళ్లిపోయింది. ఓంప్రకాశ్ కళ్లు తలుపు మీదే ఉన్నాయి. తన వైపు చూడటం లేదన్నది ఒక్కటే వినోదకు కనిపించింది.

"ఎవరామె?" అని అడిగింది తలుపు గడియపెట్టి.

అతని పెదవులు కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఇరవై ఆరేండ్లు నేను పాడింది ఇంకొకామె మాటలా? నా కోసమే రాసిండని ఊరూరికి చెప్పుకుంట తిరిగిన. పక్కన నిలవడి వింటివి గద. ఒక్కనాడన్న కాదని చెప్పకపోతివి. ఇప్పుడు చెప్పు. నోరు లేదని తప్పించుకుంటవా?"

అన్న మరుక్షణం ఆ మాటకు ఆమెకే ఒళ్లు జలదరించింది. ఓంప్రకాశ్ మెడ నరాలు ఉబ్బేదాకా గింజుకున్నాడు. చివరికి అతని నోట వచ్చింది ఆ పాట ఒక్కటే. "రైలు వస్తాందే పిల్లా..."

"ఆ పాట నా ముందట పాడకు" అంది వినోద. అతను ఆపేశాడు.

తొమ్మిది రోజులు ఆ ఇంట్లో పాట లేదు. వినోద వేళకు అన్నం తినిపించింది, మందులు వేసింది, ఒళ్లు తుడిచింది. నోరు మాత్రం విప్పలేదు. ఏటూరునాగారంలో, రఘునాథపల్లిలో, ఎక్కడెక్కడో పందిళ్ల కింద పాడిన రోజులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తాను జవాబు పాడుతున్నప్పుడు ఆయన కళ్లు మూసుకునేవాడు. పాటలో మునిగిపోయాడని మురిసిపోయేది. ఆ మూసిన కళ్ల వెనక ఎవరున్నారో ఇప్పుడు తెలిసింది. వినయ్ ఫోన్ చేసి ఇంకో వీడియో తీద్దామంటే గొంతు బాగాలేదని చెప్పింది.

పదో రోజు పొద్దున ఓంప్రకాశ్ కాలీడ్చుకుంటూ వంటగదిలోకి వచ్చాడు. నోటుబుక్కు చివరి పేజీ తీసి ఆమె ముందు పెట్టాడు. అంతా ఉర్దూనే, అయినా ఏ వరుస ఎక్కడుందో అతనికి గుర్తున్నట్టుంది. ఒక వరుస మీద వేలు పెట్టి, అదే వేలితో ఆమె వైపు చూపించాడు. మళ్లీ ఆ వరుస, మళ్లీ ఆమె. చదవరాదని వినోద ఎంత చెప్పినా మానలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా వేలు మాత్రం తీయలేదు. ఆఫ్రీన్‌కు ఫోన్ చేద్దామనుకుంది కానీ, ఇది ఫోన్‌లో వినే ముచ్చట కాదనిపించింది. మధ్యాహ్నం అతన్ని పట్టుకుని మెల్లగా కేసముద్రం పోయే ప్యాసింజర్ రైలు ఎక్కించింది. నెక్కొండ దాటి కేసముద్రం దగ్గరపడ్డాక అతను కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఆఫ్రీన్ ఇల్లు మార్కెట్ యార్డు వెనక సందులో ఉంది. వాళ్లను చూసి ఆ పిల్ల ఆశ్చర్యపోయి, గబగబా కుర్చీలు వేసింది. ఈ పది రోజుల్లో తన ఖాలాను, అంటే అమ్మ చెల్లెలిని, అడిగి తెలుసుకున్నదంతా చెప్పింది. పెళ్లికి ముందు అమ్మీ ఓంప్రకాశ్‌తో కలిసి ఆర్కెస్ట్రాలో పాడేదట. పెళ్లి చేసుకోవాలని ఇద్దరూ అనుకున్నారట. తాత ఒప్పుకోలేదు. చెల్లెళ్ల పెళ్లిళ్లు ఆగిపోతాయని అమ్మీ కూడా ఇల్లు దాటలేదు. ఆఖరుసారి స్టేషన్‌కు పోయి, అతన్ని రైలెక్కించి వచ్చిందట. రైలు ఆలస్యమైన ఆ గంటన్నరలోనే ఇద్దరూ పాట రాసుకున్నారు. ఊరంతా పెళ్లిళ్లలో ఎగిరి ఆడే పాట, విడిపోతూ చెప్పుకున్న మాటలని వినోదకు అప్పుడు అర్థమైంది.

నోటుబుక్కు అందుకుని ఆఫ్రీన్ చివరి చరణం చదివింది. ఆ చరణం క్యాసెట్‌లో లేదు.

"నీ ఇంటికొచ్చే ఆమెకు పిల్లగా, నా పాటియ్యి, నా పేరియ్యకు. నేనేడ్సినట్టు ఆమె ఏడ్వద్దు పిల్లగా, నా ముచ్చటే ఎత్తకు."

ఇంకోసారి చదవమంది వినోద. రెండోసారి విన్నాక తల ఎత్తలేకపోయింది. తాను ఎవరో తెలియక ముందే, తన మొహమైనా చూడకుండానే, ఒకామె తన కన్నీళ్ల గురించి ఆలోచించింది. ఆయన పాట ఇచ్చాడు, పేరు దాచాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. ఆ సంగతి తెలిసినా గుండెలో బరువు దిగలేదు. పది రోజులు కోపాన్ని పట్టుకుని నిలబడింది. ఇప్పుడు కోప్పడటానికి ఎదుట ఎవరూ లేరు.

అప్పుడు ఓంప్రకాశ్ వైపు చూసింది. అతను ఆఫ్రీన్ మొహంలోకే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి, ఏదో అడగాలని. చటుక్కున వినోదకు ఆ ఉదయం గుర్తొచ్చింది. మెహనాజ్ చనిపోయిందన్న కబురు అతను విన్నది ఆ రోజే. తాను 'ఎవరామె' అని నిలదీస్తుంటే, అతను అడగాలనుకున్నవి వేరే ఉండి ఉంటాయి. పది రోజులుగా వాటిని లోపలే మింగుకుని కూర్చున్నాడు. అతని తరఫున అడగగల గొంతు తనదొక్కటే, పది రోజులుగా అదే మూగబోయింది.

వినోద కుర్చీ అతని పక్కకు జరుపుకుని, చల్లబడ్డ అతని కుడిచేతిని ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మ ఎట్ల పోయింది బిడ్డా? ఆయన అడుగలేడు. నేనడుగుతాన."

"కిడ్నీలు ఖరాబైనయ్ ఆంటీ. మూడేండ్లు డయాలసిస్ చేయించినం. ఆఖరుకు బాధపడలే. మధ్యాహ్నం నమాజ్ చేసి పండుకున్నది, లేవలే."

ఓంప్రకాశ్ మెల్లగా తలూపాడు. మీ నాన్న ఆమెను బాగా చూసుకున్నాడా అని వినోద అడిగింది. అబ్బా మంచివాడే, అమ్మీని ఏనాడూ ఒక మాట అనలేదు అంది ఆఫ్రీన్. అతను మళ్లీ తలూపాడు. ఇంకా ఏదో మిగిలిందని వినోదకు అతని చూపులోనే తెలిసింది.

"ఇంట్ల పాడేదా?"

ఆఫ్రీన్ తల అడ్డంగా ఊపింది. "లేదాంటీ. నాకు జోల సుత పాడలే. అమ్మీకి గొంతుందని నాకు ఈ నోటుబుక్కు దొరికినంకనే తెల్సింది."

ఓంప్రకాశ్ ఎడమచేత్తో మొహం కప్పుకున్నాడు. మాటను తీసుకుపోయిన జబ్బు ఏడుపును తీసుకుపోలేదు. లోపలినుంచి పెకలించుకుని వచ్చినట్టు, పెద్దగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆఫ్రీన్ కళ్లు తుడుచుకుంటూ నీళ్లకోసం లేచింది. వినోద అతని తలను తన భుజానికి ఆనించుకుని కొంగుతో మొహం తుడిచింది. ఆమె చెంపల మీద కూడా నీళ్లు కారుతున్నాయి, వాటిని తుడుచుకోలేదు.

"ఏడువు" అంది. "ఆమె కోసమే ఏడువు. నేనేమనుకోను."

ఏమీ అనుకోకుండా ఉండటం తన వల్ల కాదని ఆమెకు తెలుసు. తెలిసే అంది.