బాబాయి నాడి

నాడికడియాన్ని మోసం చేసినవాడు ఇంకా పుట్టలేదని సమధాతు నగర్ ముఖద్వారం మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఫణి పుట్టి ఇరవై మూడేళ్లయింది.

ఆ ఊళ్లో ఎవరూ తుమ్మరు. తుమ్మాలనిపిస్తే రైలెక్కి తునికి వెళ్లి తుమ్మి వస్తారు. ప్రతి మణికట్టుకీ ఉన్న కడియం వాత పిత్త కఫాలను తూచి, నడింటి గోడకు కబురు పంపుతుంది. గోడ మీద ఎవరి పేరు పక్కన వాళ్ల నాడి వేగమూ దీపమూ ఉంటాయి. ఆకుపచ్చయితే అంతా సమం, ఎరుపైతే ఏదో దోషం. దాన్ని బట్టే వంటయంత్రం ఎవరి కంచంలో ఏం పడాలో అది వేస్తుంది. 'ఒంట్లో ఎలా ఉంది' అని మనిషిని అడగడం అక్కడ మొరటుతనం. గోడ ఉందిగా.

గవర్రాజు బాబాయికి పిత్తం ఎక్కువ. ఏళ్ల తరబడి పెసరజావే. ఆవకాయ కోసం ఆయన పడే యాతన చూడలేక, నిజం చెప్పాలంటే చూసి నవ్వుకోవడానికి, ఫణి సబ్బునురగతో తమ ఇద్దరి కడియాలూ జారదీసి ఒకరిది ఒకరికి తొడిగాడు. ఆ పూటే బాబాయి కంచంలో ఆవకాయ పడింది. ఫణి కంచంలో జావ పడింది.

వారం తిరక్కుండా ఒక పొద్దున ఫణి పేరు పక్కన దీపం ఎర్రగా కొట్టుకుంది. బాబాయి కూతురు హైమ పరిగెత్తుకొచ్చింది.

"ఒరే, గుండె దగ్గర పిత్తం కూడుకుందంట. కదలకుండా పడుకో."

చందనం పూసింది. కషాయం పట్టింది. ఫణికి పని ఎగ్గొట్టే యోగం పట్టింది. మంచం పక్కన కూర్చుని, చెమటలు కారిపోతూ, బాబాయే విసనకర్రతో విసురుతున్నాడు.

"నాకే రొమ్ములో మండిపోతుందే అమ్మా," అన్నాడాయన.

హైమ గోడ వైపు చూసింది. "నీది ఆకుపచ్చగానే ఉంది నాన్నా. వాడికి బాగోపోతే నీకూ రావాలా? చంటిపిల్లాడిలా ఏంటా పోటీ," అని ఇంకో గ్లాసు కషాయం తేవడానికి వెళ్లింది.

"బాబాయ్, చెప్పేద్దామా?"

"నోర్ముయ్యరా. చెబితే మళ్లీ జావేగా. మజ్జానం మాగాయంట."

కడియాలు మార్చినవాణ్ణి ఊళ్లోంచి వెళ్లగొడతారు. అది గుర్తొచ్చి ఫణి బుద్ధిగా నోరు మూసుకున్నాడు. హైమ తెచ్చిచ్చిన రెండో గ్లాసు కూడా తాగాడు. ఆమె అటు తిరగగానే విసనకర్ర ఆగింది. బాబాయి తల మంచంపట్టె మీద వాలింది. ఫణి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

హైమ మళ్లీ వచ్చి ముందు గోడ చూసింది. గవర్రాజు నాడి గుర్రంలా పరిగెడుతోంది.

"నాన్న కునుకు తీస్తున్నాడు. పీడకల కాబోలు," అంది. తర్వాత కిందిపేరు చూసింది. అక్కడ దీపం ఆరిపోయి ఉంది.

"ఒరే ఫణీ, నువ్వు పోయావంటోందిరా గోడ."

ఫణి మంచం మీద లేచి కూర్చునే ఉన్నాడు. హైమ అతని మొహం చూసింది. తండ్రి దగ్గరకు వెళ్లి, గడ్డం పట్టుకుని ఆయన మొహం చూసింది. గోడ మీద గవర్రాజు గుండె ఇంకా వేగం పెంచింది.

"ఆ కొట్టుకునేది నాదక్కా," అన్నాడు ఫణి. "కడియాలు నేనే మార్చా. ఆయనకి నొప్పని కూడా నాకు తెలుసు. ఆ కషాయం ఆయనకి పట్టాల్సింది. మొత్తం నేనే తాగేశాను."