తగ్గని నూనె

"ముట్టుకోవద్దు!" అని అతను అరిచేసరికే ఆమె ముట్టేసుకుంది.

ముట్టుకోవడమంటే ఏదో వేలితో తాకడం కాదు. యాభై ఏళ్ళు భూమిలో ఉండి, అప్పుడే క్రేను మీద బురద కార్చుకుంటూ పైకి వచ్చిన కారు బానెట్ మీద రెండు అరచేతులూ ఆనించి, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు చూస్తోంది. మ్యూజియం ఆఫీసరైన అతని చేతిలో 'తాకరాదు' అని రాసిన చీటీ ఉంది. దాన్నిప్పుడు కారుకి కట్టాలో, ఈ అమ్మాయికి కట్టాలో తెలియలేదు.

"ఎవరండీ మీరు? ఇది మ్యూజియం ఆస్తి."

"మెకానిక్‌ని. ఈ కారుకి గ్రీజు పూసి, గుడ్డలు చుట్టి గోతిలోకి దింపింది మా తాతయ్య. మీరు అప్పటికి పుట్టారా?"

"మీరు పుట్టారా?"

"లేదు. అందుకే తాతయ్య అన్నాను, నేను అనలేదు!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

సంగతేమిటంటే, యాభై ఏళ్ళ క్రితం టౌన్ హాలు కట్టినప్పుడు, తమ కాలం ఎలా ఉండేదో ముందు తరాలకి చూపించాలని పెద్దలకి సరదా పుట్టింది. కొత్త కారు కొని, వెనక సీటు నిండా ఉత్తరాలూ ఫొటోలూ పెట్టి, హాలు ముందు సిమెంటు గోతిలో పాతిపెట్టారు. ఆ రోజు ఈ అమ్మాయి తాతయ్య మైకు పట్టుకుని, "యాభై ఏళ్ళ తర్వాత తియ్యండి. నేనే స్టార్ట్ చేసి వీధి చివరిదాకా నడుపుతాను" అన్నాడు. ఆ మాట అప్పటినుంచీ తన మెకానిక్ షెడ్డుకి వచ్చిన ప్రతివాడికీ చెబుతూనే ఉన్నాడు. తీరా మూత తీస్తే గోతి నిండా నీళ్ళు! గుంపులోంచి ఎవడో "ఇది కారా, పడవా?" అన్నాడు. తాతయ్య ఇంటికెళ్ళి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ షెడ్డు మొహం చూడలేదు.

మర్నాడు ఆమె నేరుగా మ్యూజియం డైరెక్టర్ గదిలోకే వచ్చేసింది.

"తుప్పుని అలాగే అద్దాల పెట్టెలో పెడతారట?"

"తుప్పు కూడా చరిత్రేనండీ," అన్నాడు అక్కడే ఉన్న ఆఫీసర్ మధ్యలో. ఆ విషయం మీద అతను గంటసేపు మాట్లాడగలడు.

"మీకు చరిత్ర, మా తాతయ్యకి తలవంపులు. ఇంజన్ పట్టేసింది, నిజమే. నాకు పది రోజులివ్వండి. తిరిగితే కారు మా షెడ్డుకి వస్తుంది, తాతయ్యే బాగుచేస్తాడు. తిరక్కపోతే మీ అద్దాల పెట్టెకే."

డైరెక్టర్ ఒప్పుకున్నాడు, మూడు షరతుల మీద. కారు మ్యూజియం వెనక గదిలోనే ఉండాలి. తాళం చెవి ఆఫీసర్ దగ్గరే ఉండాలి. పని జరిగినంతసేపూ ఆఫీసర్ అక్కడే ఉండాలి.

"నా ఖర్మ," అంది ఆమె.

"నాది కూడా," అన్నాడు అతను. అబద్ధం. అప్పటికే ఆ అమ్మాయి గొంతు వినాలనే ఉంది.

మొదటి రోజు ఆమె నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఆ రంధ్రాల్లో డీజిలు కలిపిన ఇంజన్ నూనె పోసింది. సన్నటి పుల్ల మీద గీత గీసి, ఆ గీతదాకా నింపింది.

"లోపల పిస్టన్లు తుప్పుతో బిగుసుకుపోయాయి. బలవంతం చేస్తే విరుగుతాయి. నూనె పోసి బతిమాలుకోవాలి. రోజూ పొద్దున్నే వచ్చి పుల్ల పెట్టి మట్టం చూస్తాను. మన ఆశంతా ఈ మట్టం మీదే."

'మన' అంది! అతను ఇంటికెళ్ళేదాకా ఆ మాటే చెవిలో ఉంది.

మర్నాడు వాన. ఆమె వచ్చేది ఎనిమిదింటికి. అతను ఏడింటికే తలుపు తీసి, ఊరికే చూద్దామని పుల్ల పెట్టాడు. నూనె గీతకి రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది!

అతనికి పాత కాగితం వయసు తెలుసు, పాత నాణెం వయసు తెలుసు. ఇంజన్ గురించి తెలిసిందల్లా అది ముందువైపు ఉంటుందని. ఇంట్లో ట్యాంకు మట్టం తగ్గితే లీకు. ఇదీ అంతే అనుకున్నాడు. పాపం, వానలో తడుస్తూ వచ్చి ఇది చూస్తే ఆ పిల్ల మొహం ఏమైపోతుంది? గబగబా బజారుకెళ్ళి నూనె కొనుక్కొచ్చి, ఆమె కలిపినట్టే డీజిలు కలిపి, సరిగ్గా గీతదాకా పోసేశాడు.

ఎనిమిదింటికి ఆమె వచ్చింది. పుల్ల పెట్టి చూసింది. "ఊఁ," అంది.

అతను చిరునవ్వు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

అలా రోజూ ఏడింటికి అతను పోయడం, ఎనిమిదింటికి ఆమె చూడడం. మిగతా రోజంతా తుప్పు గోకడం, కబుర్లు. అతని తెల్ల చొక్కాకి గ్రీజు అంటింది.

"చీటీల సార్, ఈ మరకకి కూడా చీటీ కడతారా?"

"కడతాను. తేదీ వేసి, ఎవరి వల్ల అయిందో కూడా రాసి."

"నా పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాయాలి మరి."

ఆమె నవ్వితే గదిలో లైటు వేసినట్టుండేది. కానీ ఆ నవ్వు రోజురోజుకీ తగ్గిపోతోంది. అయిదో రోజు డీజిలు ఎక్కువ కలిపి చూసింది. ఏడో రోజు హీటర్ తెచ్చి ఇంజన్ పక్కన పెట్టింది. ప్రతి పొద్దునా మట్టం చూడడం, నిట్టూర్చడం. తను ఇంత చేస్తున్నా ఈ అమ్మాయికి దిగులెందుకో అతనికి అంతుబట్టలేదు. నూనె మాత్రం ఇంకా ఇంకా ఎక్కువ పట్టసాగింది.

"తాతయ్యగారు ఎలా ఉన్నారు?"

"గోడతో మాట్లాడుతున్నారు. గోడైతే ఎదురు చెప్పదు కదా." ఆ మాట అంటూ మొహం అటు తిప్పుకుంది.

పదో రోజు. సాయంత్రం డైరెక్టర్ వస్తాడు. ఆమె పుల్ల పెట్టి చూసి, దాన్ని విసిరికొట్టి, నేల మీద కూలబడింది.

"అయిపోయిందండీ. తీసుకెళ్ళి పెట్టుకోండి మీ అద్దాల పెట్టెలో."

"అదేంటి! మట్టం చక్కగా గీత దగ్గరే ఉందిగా?"

"అదే కదా నా ఏడుపు!" నిజంగానే ఏడుస్తోంది. "నూనె తుప్పులోకి ఇంకి, పిస్టన్ పక్కనుంచి కిందికి జారాలి. మట్టం దిగుతుంటే తుప్పు వదులుతున్నట్టు. పది రోజుల్లో చుక్క దిగలేదు. లోపల రాయైపోయింది. తాతయ్యకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆమె విసిరేసిన పుల్లని అతను చేతిలోకి తీసుకున్నాడు.

"దిగడం... మంచిదా?"

"మరి?"

"లీకు కాదా?"

"లీకేంటి?" ఆమె తలెత్తి అతని వంక చూసింది. చూస్తూనే ఉంది. "ఏం చేశారు మీరు?"

అతను మూలనున్న బీరువా తెరిచాడు. ఫైళ్ళ వెనక ఖాళీ నూనె డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో చీటీ. అతను చీటీ కట్టకుండా ఏదైనా వదిలిపెడితే కదా! ఆమె కళ్ళు తుడుచుకుని చదివింది. రెండో రోజు, రెండు వేళ్ళు. నాలుగో రోజు, మూడు. ఎనిమిదో రోజు, అయిదు. ఈ పొద్దున, నాలుగు రంధ్రాలూ దాదాపు ఖాళీ.

"ఎందుకు పోశారు?" అరిచినంత పని చేసింది.

"మన ఆశంతా దాని మీదే అన్నారుగా. మీ మొహం చిన్నబోతే చూడలేననిపించింది."

"ఇంజన్ తిరక్కపోతే మీకే కదా లాభం?"

"మ్యూజియానికి లాభం. నాకేం లాభం? రేపట్నుంచి ఎనిమిదింటికి మీరు రారు." ఇంక దాచి ఏం చేస్తాడు? "మీరంటే నాకు చాలా ఇష్టమండీ. ఇంజన్ల గురించి ఏమీ తెలీదు. ఇదొక్కటే తెలుసు."

నూనెగుడ్డ వచ్చి అతని మొహానికి తగిలింది.

"బుద్ధుందా మీకు! తొమ్మిది రోజులు నన్ను ఏడిపించి, ఇప్పుడా చెప్పడం?" ఆమె ఒక్క ఉదుటున లేచింది. కారు ముందున్న రంధ్రంలోకి, ఇంజన్‌ని చేత్తో తిప్పే ఇనప హ్యాండిల్ తోసింది. "రండి, పట్టుకోండి. ఇష్టం సంగతి తర్వాత చూద్దాం."

నాలుగు చేతులూ హ్యాండిల్ మీద పడ్డాయి. కదల్లేదు. మళ్ళీ పట్టారు. కదల్లేదు. మూడోసారి లోపల ఎక్కడో కిర్రుమంది. జానెడు కదిలింది. మరో జానెడు. ఆ తర్వాత ఒక్కసారిగా గిర్రున తిరిగింది, ఆ విసురుకి నాలుగు రంధ్రాల్లోంచీ నూనె కప్పుదాకా ఎగజిమ్మి ఇద్దరి నెత్తిమీదా వానలా కురిసింది.

ఆమె అలా నూనె ఓడుతూనే అతన్ని గట్టిగా కావలించుకుంది. మరుక్షణంలో వదిలేసి ఫోన్ తీసింది.

"తాతయ్యా! తిరిగింది!"

"ఎంత?" అన్నాడు తాతయ్య.

"పూర్తి చుట్టు. చేత్తోనే."

ఫోన్ కట్టయింది. అరగంటలో ట్యాక్సీ వచ్చి ఆగింది. తాతయ్య చొక్కా బొత్తాలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నాడు. నేరుగా కారు దగ్గరికెళ్ళాడు. హ్యాండిల్ పట్టుకుని తనే ఒక చుట్టు తిప్పి, తల పక్కకి వంచి విన్నాడు. "స్టార్ట్ అవుతుంది," అన్నాడు. ఆమెకి మళ్ళీ ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఆయిల్ చూసే కడ్డీ పైకి లాగి, దానికి పైదాకా అంటిన నూనె చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"ఎవరే ఇందులో ఇంత నూనె కుమ్మరించింది?"

ఆమె వేలు చూపించింది. తాతయ్య అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"ఎందుకు పోశావు బాబూ?"

అతను చొక్కా మీది నూనె తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"తెలియక పోశారు తాతయ్యా," అంది ఆమె, ఎటో చూస్తూ.

"తెలియక పోసేవాడు ఒక్కసారి పోస్తాడే. తొమ్మిదిసార్లు పొయ్యడు," అన్నాడు తాతయ్య, బీరువాలో చీటీలు లెక్కపెట్టి. అతని భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు పొద్దున్నే పాత బట్టలేసుకుని షెడ్డుకి రా. ముందు ఈ నూనె దింపుదాం. వస్తూ వస్తూ మీ అమ్మనీ నాన్ననీ కూడా తీసుకురా. వాళ్ళని మాత్రం మంచి బట్టలే వేసుకోమను."