పనస చెక్క పెట్టె

శనివారం పొద్దున్నే పెరట్లో రంపం చప్పుడు వినబడి రాజరత్నం తాగుతున్న టీ గ్లాసు అరుగు మీద పెట్టేశాడు. యాభై ఏళ్ళు వడ్రంగం చేసినవాడు. ఏ చెక్కను కోస్తున్నారో చప్పుడును బట్టే చెప్పేయగలడు. అది పనస చెక్క.

గబగబా వెళ్ళి చూశాడు. కూతురు దీవెన చున్నీ నడుముకు బిగించి పలక కోస్తోంది. పక్కనే నడుమెత్తు పెట్టె ఒకటి, దానికి బిగించిన స్పీకర్లు రెండు, పైన చిన్నది, కింద పెద్దది. నాలుగు రోజులు మొగల్తూరులో చెల్లెలింటికి వెళ్ళి రాత్రే వచ్చాడు. ఈలోగా అటక మీది నాలుగు పలకల్లో మూడు పెట్టెగా మారిపోయాయి. నాలుగోది రంపం కింద ఉంది.

"ఎవర్నడిగి తీశావే ఆ చెక్కలు?"

దీవెన ఉలిక్కిపడింది. "ఊరికే పడున్నాయి కదా నాన్నా. రేపు అమ్మ సంవత్సరం కూడిక, అందరూ ప్రార్థనకు వస్తారు. అమ్మ పాట అందరికీ వినిపిద్దామని నేనే డిజైన్ గీసుకుని చేశాను. స్టాండుకి ఈ ఒక్కటీ..."

"ఊరికే పడున్నాయా! నా పెట్టె కోసం దాచుకున్నానే అవి!"

ఏ పెట్టో దీవెనకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని రంపం జారిపోయింది.

నిరుడు దీనమ్మ పోయినప్పుడు రాజరత్నం వేరే ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. పెరట్లో పడగొట్టిన పనసచెట్టు పలకలతో భార్య శవపేటికను తానే చేశాడు. మిగిలిన నాలుగు పలకలనూ చిత్రిక పట్టి, గుడ్డ చుట్టి అటకెక్కించాడు. ఇద్దరికీ ఒకే చెట్టు అనుకున్నాడు. అంతకు మించి ఆయనకు వేరే కోరిక లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, అదే ఆయన చేసిన తప్పు.

"నాకేం తెలుసు నాన్నా? చెప్పాలి కదా!" దీవెన కళ్ళు నిండిపోయాయి.

"తల్లి పోయి ఏడుస్తున్నదానికి నా పెట్టె కబురు చెప్పమంటావా?"

"ఏదీ చెప్పవు! అమ్మ పేరెత్తితే లేచి వెళ్ళిపోతావు. చర్చికి రావు. డోలకు మూలన పడేశావు. స్కూల్లో పిల్లలకు సైన్సు చెప్పి ఇంటికొస్తే ఈ ఇంట్లో అమ్మ గురించి నేనెవరితో మాట్లాడను? గోడలతోనా?"

దీవెన కన్నీళ్ళు తుడుచుకోకుండానే ఫోను తీసి వైరు కలిపింది. "ఒక్కసారి విను. విన్నాక పొయ్యిలో పెట్టేస్తానంటే నీ ఇష్టం."

రెండేళ్ళ కిందటి ఈస్టరు పాట. ముందు డోలకు, ఆయన చేతిదే. తర్వాత దీనమ్మ గొంతు. నలభై ఏళ్ళు చర్చిలో పాట ఎత్తుకున్న గొంతు! రాజరత్నం పాక స్తంభం పట్టుకున్నాడు. కానీ దరువు పడ్డప్పుడల్లా ఆ గొంతు వణుకుతోంది, చలిజ్వరం వచ్చినట్టు.

"ఆపు!"

దీవెన ముఖం వాడిపోయింది.

"మీ అమ్మ గొంతు ఎన్నడూ వణకలేదమ్మా. ఆసుపత్రి మంచం మీద పాడినప్పుడు కూడా వణకలేదు. ఏం చేశావు దాన్ని?"

"ఏమో నాన్నా. రెండు రోజుల్నుంచి నాకూ అంతుచిక్కట్లేదు."

"మళ్ళీ మొదట్నుంచి పెట్టు."

డోలకు మొదలైంది. దీనమ్మ ఇంకా అందుకోలేదు. రాజరత్నం వంగి చిన్న స్పీకరు మీద వేలు ఆనించాడు. దానికింకా పనే లేదు, అయినా అదురుతోంది.

"డోలకు దానిక్కూడా పంపుతున్నావా?"

"లేదు నాన్నా. డోలకు పెద్దదానికి, గొంతు చిన్నదానికి. వైర్లు వేరు చేశాను."

"వైర్లు వేరు చేశావు సరే, లోపల గాలిని ఎవరు వేరు చేశారు? పెద్దది వెనక్కి తన్నిన గాలంతా చిన్నదాని వీపు మీద పడుతోంది. అది పాడుతుందా, తన్నులు తింటుందా?"

దీవెన నుదురు కొట్టుకుంది. "అయ్యో! లోపల గది కట్టలేదు!"

రాజరత్నం నాలుగో పలక వంక చూశాడు. ఒక్కటే మిగిలింది. కాసేపు దాన్ని అరచేత్తో నిమిరి, చెవి మీది పెన్సిలు తీసి గీత గీశాడు.

"రంపం ఇటివ్వు."

"అది నీ..."

"ఇవ్వమ్మా."

మధ్యాహ్నం దాకా తండ్రీకూతుళ్ళకు అన్నం మాటే గుర్తు రాలేదు. పెట్టె లోపల చిన్న స్పీకరు చుట్టూ గట్టి గది కట్టారు. అంచులకు జిగురు, వైరు కన్నానికి మైనం. జిగురు ఆరేదాకా రాజరత్నం అక్కడి నుంచి కదల్లేదు.

సాయంత్రం మళ్ళీ పెట్టారు. ఈసారి దరువు దరువే, గొంతు గొంతే. దీనమ్మ నిబ్బరంగా, ఎప్పట్లాగే పాడింది. పాట అయిపోయి డోలకు ముగింపు దరువులు పడుతుండగా ఇన్నాళ్ళూ ఆ వణుకులో కలిసిపోయిన ఒక మాట స్పష్టంగా వినిపించింది. పక్కన ఫోను పట్టుకున్న కూతురితో అన్న మాట. దీవెన ఎప్పుడో మరిచిపోయింది, రాజరత్నం అసలు విననే లేదు.

"చూశావటే, మీ నాన్న ఈసారి మెల్లగా వాయించి నన్ను పాడనిచ్చారు!" తర్వాత ఆమె నవ్వు.

నలభై ఏళ్ళూ "మీ డోలకు నా పాటను మింగేస్తోందండీ" అని దెప్పిన మనిషి! రాజరత్నం అక్కడే చతికిలబడి, సమాధి దగ్గర కూడా ఏడవనంతగా ఏడ్చాడు. దీవెన పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"నీ చెక్కలన్నీ పాడు చేశాను నాన్నా."

"పాడు చేయడమేంటమ్మా? నాతోపాటు మట్టిలోకి పోవాల్సినవి. ఇక్కడుంటే మీ అమ్మ పాడుతుంది."

ఆయన లేచి వెళ్ళి మూలనున్న డోలకు తెచ్చి, దుమ్ము దులిపి, తాళ్ళు బిగించాడు.

"మళ్ళీ పెట్టు. రేపటికి చెయ్యి అలవాటు కావాలి. ఇంకాస్త మెల్లగా వాయిస్తాను."