తడి చీటీ

అన్యాయం జరిగింది చెల్లెలికి. సెప్టెంబరు పద్నాలుగు, శనివారం, సాయంత్రం ఐదూ నలభైకి. చేసింది ఎవరో పరాయివాళ్ళు కాదు, సొంత అక్క. నోరు పారేసుకున్నదీ ఆవిడే, తలుపు వేసిందీ ఆవిడే.

అక్క పుస్తకాలకి బైండింగ్ చేస్తుంది. బడికి వెళ్ళింది ఐదేళ్ళే కానీ, చేతికొచ్చిన ప్రతి పుస్తకాన్నీ చదివాకే కుట్టేది. శనివారం సాయంత్రం పని ఆపి షాపులోనే టీవీ పెట్టేది. వచ్చేది ముగ్గురు: మందుల షాపు కాంపౌండరు, లెక్కల మాస్టారు, జులైలో చేరిన చెల్లెలు. అంతరిక్ష నౌకలో దెయ్యాలు తిరిగే సీరియల్ అది. సగంలో ప్రకటనలు రాగానే, చివర ఏం జరుగుతుందో తలా ఓ చీటీ రాసి ఖాళీ జిగురు డబ్బాలో వెయ్యాలి. ఎవరి రాతో తెలియకుండా ఎడం చేత్తో రాయాలి. సీరియల్ అయ్యాక సరైన చీటీని అక్క రిజిస్టర్లో అంటించి తేదీ వేసేది. మిగతావి చెత్తబుట్టలోకి. ఎన్ని చీటీలని ఏనాడూ ఎవరూ లెక్కపెట్టలేదు.

ప్రతివారం ఒకటి సరిగ్గా ఉండేది. ప్రతివారం అది కాస్త తడిగా ఉండేది.

ఆ శనివారం కథలో కెప్టెను కన్నకూతుర్ని నౌక బయటే వదిలేసి తలుపు బిగించింది. కూతురి వేషంలో ఇంకేదో వచ్చిందని అనుమానం. చివరికి చూస్తే వచ్చింది కూతురే.

"కన్నతల్లి ఎక్కడైనా అలా చేస్తుందా? రాసినవాడికి పిల్లల్లేరు కాబోలు," అన్నాడు కాంపౌండరు.

"గొంతు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకటేనా?" అక్క గయ్యిమంది. "అనుమానం వచ్చాక కూడా తలుపు తీసేది తల్లి కాదు, మొద్దు."

"ఒక్క మాట అడిగి చూడొచ్చుగా అక్కా," అంది చెల్లెలు.

మాస్టారు డబ్బాలోంచి తడి చీటీ తీసి చదివాడు. "'కూతురు నిజమైనదే. అయినా తల్లి తలుపు తియ్యదు.' ఇంత ఘోరం ఊహించడం ఎవరి తరం? ముందే చూసినవాళ్ళ తరం!"

అందరూ చెల్లెలి వంక చూశారు. చెల్లెలు సీరియళ్ళకి, అవి టీవీలో రాకముందే, తెర కింద పడే మాటలు టైపు చేసే ఆఫీసులో పని చేస్తుంది. పైగా చిన్నప్పట్నుంచీ అరచేతులకి చెమట. అక్కకి ఇంకేం కావాలి?

"దొంగచాటుగా చూసొచ్చి మా ముందు జోస్యాలా? సొంత అక్క కళ్ళల్లోనే కారం కొడతావే?"

"ఆ సీరియల్ పని మా ఆఫీసుకి రాదక్కా. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్లేసి నన్ను చంపకు. లే! మళ్ళీ ఈ గుమ్మం తొక్కావో..."

చెల్లెలు చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వెళ్ళిపోయింది.

తర్వాతి శనివారం ముగ్గురే కూర్చున్నారు. డబ్బా బోర్లిస్తే నాలుగు చీటీలు.

"వేళాకోళమా మాస్టారూ?" అన్నాడు కాంపౌండరు.

"నా చేతులు చూడవయ్యా, సుద్దముక్కల్లా ఎండిపోయి ఉన్నాయి!"

నాలుగోది తడిగా ఉంది. సరిగ్గానూ ఉంది. మగాళ్ళిద్దరూ టీ గ్లాసులు అలాగే వదిలేసి, ఒకరి వెనక ఒకరు జారుకున్నారు.

అక్క ఒక్కతే మిగిలింది. బయట వెలుగు సన్నగిల్లుతోంది. జిగురు వాసన, దాని అడుగున నానిన కాగితం వాసన. గది మూలల్లో కుట్టని పుస్తకాల దొంతరలు మనుషుల్లా నిలబడి ఉన్నాయి. ఆవిడ ఫోను తీసింది.

"చెల్లీ... తప్పయిపోయిందే."

"నోటిమాటతో సరిపెట్టకు. నేను చేరకముందు కూడా ఆ చీటీలున్నాయేమో రిజిస్టర్లో చూడు. తేదీలు పైకి చదువు. నేను వింటాను."

న్యాయమే. అక్క ఫోను స్పీకర్లో పెట్టి రిజిస్టరు తెరిచింది. తడి కాగితం అంటిస్తే, ఎండాక అడుగు పేజీ ముడత పడుతుంది. ఆ ముడత దాచడం ఏ బైండరు వల్లా కాదు. వెనక్కి తిప్పుతూ చదివింది. జులై ఆరు. ముడత. జూన్ ఇరవై తొమ్మిది, చెల్లెలు ఇంకా చేరలేదు. ముడతే. మే పదకొండు, అప్పటికి మాస్టారూ లేడు. మార్చి తొమ్మిది, కాంపౌండరు కూడా లేడు. ముడత... ముడత...

"అక్కా," చెల్లెలి గొంతు తగ్గింది. "నీ పక్కన ఎవరు?"

"ఎవరూ లేరే."

"మరి... నీకంటే ముందే తేదీలు చదువుతోందెవరు?"

అక్క చెవులు రిక్కించింది. గదిలో చప్పుడు లేదు. ఆవిడకేమీ వినపడలేదు.

"ఇంకా చదువుతున్నారు..." చెల్లెలు గుసగుసలాడింది. "ఫిబ్రవరి... జనవరి... ఆపేశారు."

అక్క వేళ్ళు వాటంతటవే మొదటి పేజీకి వెళ్ళాయి. ఆ శనివారం ఇంకెవరూ లేరు. సరదాకి తనే నాలుగైదు చీటీలు రాసుకుని, నెగ్గినదాన్ని అంటించింది. తనదే అనుకుంది.

ముడత.

గోటితో చీటీ అంచు లేపింది. తొమ్మిది నెలలు కావస్తోంది... వెనకవైపు ఇంకా తడి ఆరలేదు. వెనక కూడా రాసి ఉంది. ఎడంచేతి వంకర రాత.

'అక్క చెల్లెల్ని గెంటేస్తుంది. చెల్లెలి తప్పేమీ లేదు.'

"ఏముందక్కా? ఎప్పటిది?"

అక్క చూపు కిందికి జారింది. చీటీ కింద, తన కుడిచేత్తో, తన కలంతో, తను వేసిన తేదీ: జనవరి 6, శనివారం.