బాలవ్వ కర్బూజ రసం

మే నెల వచ్చేసరికి ధర్మపురిలో పొద్దున ఎనిమిదింటికే వాకిట్లో చెప్పుల్లేకుండా కాలు పెట్టే వీల్లేకుండా పోయింది. ఆ రోజు కూడా బాలవ్వ ఎప్పటిలాగే వాకిలి చల్లి ముగ్గేసింది. కోడలు దీపిక స్నానానికి వెళ్లిన తలుపు చప్పుడు విని, గబగబా వంటింట్లోకి దూరింది.

కర్బూజను రెండు చెక్కలు చేసి, గింజలు తీసి, గుజ్జును చెంచాతో గీకి, పప్పుగుత్తితో మెత్తగా మెదిపింది. ఇంత చక్కెర, చిటికెడు యాలకుల పొడి, నాలుగు మంచు ముక్కలు. అంతే, ఐదు నిమిషాల పని. మిక్సీ వేస్తే ఇంకా తొందరగా అయ్యేది కాని, చప్పుడు ఇల్లంతా వినపడదూ! నిన్న బత్తాయి రసం. మొన్న కొబ్బరి నీళ్లు. అంతకు ముందు మామిడికాయ ఉడికించి పిసికి, బెల్లం, జీలకర్ర కలిపింది. పండు మారుతోందే తప్ప దొంగతనం మారడం లేదు.

దొంగతనమే మరి. ఆమె భర్త లింగమూర్తికి రెండు కిడ్నీలూ పాడై ఏడాది దాటింది. వారానికి రెండుసార్లు కరీంనగర్ తీసుకెళ్లి డయాలసిస్ చేయిస్తున్నారు. రోజు మొత్తానికి లీటరు నీళ్లు దాటకూడదని, దాటితే ప్రాణానికే ముప్పని డాక్టర్ చెప్పాడు. తినకూడని పండ్ల పేర్లు ఒక కాగితం మీద రాసిచ్చాడు. దీపిక ఆ కాగితం చదివి వినిపిస్తున్నప్పుడు బాలవ్వ మనసు నీళ్ల దగ్గరే ఆగిపోయింది. మిగతాది చెవికెక్కలేదు. ఇరవై ఏళ్లు గోదావరి దారిలో చలివేంద్రం నడిపి, వచ్చే పోయే భక్తులకు నీళ్లు పోసిన మనిషి ఆమె. నీళ్లు వద్దన్నారు, సరే. పండు ఏం పాపం చేసింది?

మంచం మీద లింగమూర్తి గిలాస కోసం రెండు చేతులూ చాచాడు.

“నాలుక పిడచకట్టుక పోతుందే. నీ కోడలు రెండు గుక్కలకే గిలాస గుంజుకుంటది.”

“మెల్లగ తాగు. జర సప్పుడు చెయ్యకు.”

“ఏం కాదంటవా?”

“నీళ్లయితే ఫికర్ గని, ఇది పండే గదా. ఏం కాదు.”

ఆయన కళ్లు మూసుకుని తాగాడు. ఆ ముఖంలో తృప్తి చూస్తే బాలవ్వకు కడుపు నిండిపోయింది. గిలాస అందుకుంటూ ఆయన వాచిన కాలి మీద చెయ్యి ఆనించింది. వేలు నొక్కిన చోట గుంట పడి, పూడకుండా అలాగే ఉండిపోయింది. బాలవ్వ దాన్ని చూసింది. చూసి, దాని మీదికి పంచె లాగింది.

శుక్రవారం డయాలసిస్ నుంచి వచ్చిన కొడుకు శ్యాంసుందర్ మొహం మాడిపోయి ఉంది. తండ్రిని మంచం మీద పడుకోబెట్టి, భార్య మీద విరుచుకుపడ్డాడు.

“మూడు రోజులల్ల నాలుగు కిలోల బరువు ఎక్కిండట బాపు! నీళ్లు పోసేది నువ్వే గదా, కొలుస్తున్నవా లేదా?”

“కొలిసే ఇస్తున్న. మీరు చూస్తలేరా?” అంది దీపిక.

“మరి గాలి పీల్చి ఎక్కిండా?”

బాలవ్వ అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నోరైతే విప్పింది, కాని వేరే మాటకు.

“కొలుసుడేందిరా కొలుసుడు! గోదారొడ్డున పుట్టినోడికి గుక్కెడు నీళ్లు కరువాయె. దాని కన్నతండ్రి అయితే గిట్లనే ఎండగొడుతదా? మనసున్న మనిషి చేసే పనేనా గిది?”

దీపిక అత్త వైపు చూసింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. లోపలికి వెళ్లిపోయింది. లింగమూర్తి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తప్పు చేసిన ఇద్దరూ తప్పించుకున్నారు, చేయని దీపిక మీద నింద పడింది.

సోమవారం ఎండ మరీ ముదిరింది. బాలవ్వ పొద్దున ఒకసారి, పదకొండింటికి ఒకసారి కర్బూజ రసం ఇచ్చింది. పన్నెండు దాటాక లింగమూర్తి లేవబోయి మంచం పట్టె పట్టుకుని ఆగిపోయాడు.

“కాళ్లు లేస్తలేవే. నా కాళ్ల లెక్కనే లేవు.”

మాట కూడా ముద్దగా వచ్చింది. దీపిక పరుగున వచ్చి నాడి పట్టి చూసింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంతసేపు ఆగాల్సి వచ్చిందో! వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసింది.

కరీంనగర్ ఆసుపత్రిలో డాక్టర్ గుండె పరీక్ష కాగితం చూసి తలెత్తాడు.

“పండ్లు, కొబ్బరి నీళ్లు ఏమన్న ఇచ్చిన్రా? రక్తం రిపోర్టు వచ్చేసరికి ఆలస్యమైతది. గుండె అప్పటిదాక తట్టుకునేటట్టు లేదు. నిజం చెప్పున్రి.”

“లేదు సార్, నేనేం ఇయ్యలే,” అంది దీపిక. శ్యాంసుందర్ ఆమెను అనుమానంగా చూశాడు.

ఆ చూపు బాలవ్వకు తగిలింది.

“నేనిచ్చిన సార్! రోజు ఇచ్చిన. కర్బూజ, బత్తాయి, కొబ్బరి నీళ్లు. ఇయ్యాల రెండుసార్లు పోసిన. నీళ్లొద్దన్నరని రసం పోసిన. నా కోడలికి తెల్వదు, దాన్నేమనకున్రి!”

“పండ్లల్ల పొటాషియం ఉంటదమ్మా. మనకు మంచిదే. కిడ్నీలు పనిచెయ్యనోళ్లకు గుండెను ఆపుతది,” అంటూనే డాక్టర్ ఇంజెక్షన్ కోసం నర్సును కేకేశాడు.

లింగమూర్తిని లోపలికి తీసుకెళ్లి తలుపు వేశారు. నాలుగు గంటలు ఆ తలుపు ముందే కూర్చున్నారు. శ్యాంసుందర్ ఒక్కసారి కూడా తల్లి మొహం చూడలేదు. ఆ రసం పోసింది ఇంకెవరి చెయ్యో అయితే శాపనార్థాలు పెట్టేది బాలవ్వ. తన చేతినే తాను ఏమని తిట్టుకుంటుంది? సాయంత్రానికి డాక్టర్ బయటికొచ్చి, గండం గడిచిందన్నాడు.

లింగమూర్తిని ఇంటికి తెచ్చిన మర్నాడు మధ్యాహ్నం, క్షమించమని అడగాలని బాలవ్వ కోడలిని వెతికింది. వంటింట్లో లేదు, గదిలో లేదు. పెరట్లో స్నానాల గది వెనక, ఎర్రటి ఎండలో గోడకు ఆనుకుని నిలబడి, దీపిక గటగటా నీళ్లు తాగుతోంది.

“గీడెందుకు తాగుతున్నవ్ బిడ్డా, గింత ఎండల?”

దీపిక దొరికిపోయినట్టు కొంగుతో మూతి తుడుచుకుంది.

“మామయ్య చూస్తడని, అత్తమ్మ. ఆయన మొహం చూసుకుంట తాగితే నాకు గొంతు దిగదు. ఏడాదిసంది గీడికే వస్తున్న.”

బాలవ్వ అక్కడే చతికిలబడింది. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉండి, ఈ పిల్ల ఎక్కడ నీళ్లు తాగుతోందో తాను ఒక్కసారైనా చూడలేదు.

ఇంట్లోంచి లింగమూర్తి గొంతు వినిపించింది. “బాలవ్వా, దూపైతుందే. జరన్ని నీళ్లు పొయ్యరాదు!”

బాలవ్వ లేవబోయి, కోడలి మొహంలోకి చూసింది.

“ఇంక గంటకు ఇద్దాం అత్తమ్మ,” అంది దీపిక మెల్లగా.

“గంట ఆగాలెనయ్యా!” అని బాలవ్వ గోడ ఇవతలి నుంచే గట్టిగా చెప్పింది. చెప్పి, దీపిక చేతిని మొహానికి అదుముకుని, ఆయనకు వినపడకుండా ఏడ్చింది.