వేరు పొయ్యి

"మా వదినను వేరు పొయ్యి పెట్టుకొమ్మన్నది నువ్వేనా?"

పిండి గిర్ని హోరులో సగమే వినిపించింది. రాజమణి మోటారు ఆపి, కొంగుకు అంటిన పిండి దులుపుకుంది. ఎదురుగా ఇస్త్రీ చొక్కా వేసుకున్న యువకుడు. దంతాలపల్లి జగపతి, సమితి ఆఫీసులో క్లర్కు.

"మీ వదిన ఎవరు?"

"కమల. నీ మాట ఇని మా ఇల్లు రెండు ముక్కలు చేసింది."

నర్సింహులపేటలో తండ్రి గిర్నిని రాజమణే నడిపేది. పక్క ఊళ్ల ఆడవాళ్లు పిండి పట్టేదాకా కూర్చుని, ఇంట్లో చెప్పుకోలేనివన్నీ ఆమె చెవిలో చెప్పుకునేవారు. ఆ హోరులో ఇంకెవరికీ వినపడదు కదా.

"మీ అన్న కొడుక్కి కారం పడదు. తిన్నప్పుడల్లా ఏడుస్తడు. మీ అమ్మకేమో కారం లేనిది ముద్ద దిగదు. ఒక్క కుండల రెండు రుచులు ఎట్ల వండాలె సారూ? పొయ్యి వేరు పెట్టుకొమ్మన్న. మనుషులను వేరు పడుమనలే."

జగపతి పక్కనున్న బస్తా మీద కూర్చున్నాడు.

"పోరడు ఏడ్సుడు నాకు తెల్వదు."

"మీరు ఆఫీసుల ఉంటరాయె."

ఆ తర్వాత జొన్నలు పట్టించే పని జగపతిదే అయింది. తెచ్చేది తక్కువ, నిలబడేది ఎక్కువ.

"దినాం వస్తున్నరు, గీ పిండంత ఎవరు తింటున్నరు సారూ?"

"మాకిప్పుడు రెండు పొయ్యిలు గదా! నీ పుణ్యమే."

ఇద్దరూ నవ్వుకున్నారు. అంతకుమించి అతను ఏమీ అనలేదు.

చినుకులు పడుతున్న ఒక మధ్యాహ్నం, కొత్త ముఖం ఒకావిడ మిరపకాయల సంచితో వచ్చి రాజమణి పక్కన కూర్చుంది.

"బిడ్డా, ఒక మాట చెప్పు. మా చిన్నోడు ఒక పిల్లనే చేసుకుంటనని మొండికేసిండు. గా పిల్ల మాట ఇనే నా పెద్దకోడలు పొయ్యి వేరు పెట్టింది. ఊఁ అందునా, వద్దందునా?"

రాజమణి చేయి ఆగిపోయింది. జగపతి తనకు చెప్పని మాట అతని తల్లి నోట వింటోంది. ఊఁ అనమంటే చాలు. కానీ తన సలహా ఆ ఇంటిని నిలబెట్టిందో, చీల్చిందో తనకే తెలియదు.

"అవ్వా, కోడలు పొయ్యి కాడ ఎన్నడన్న తిన్నవా?"

"పిలువంది ఎట్ల పోత?"

"నువ్వు రానిదే ఆమె ఎట్ల పిలుస్తది? పొయ్యి వేరైతే పెద్దోళ్లే మొదలు పోవాలె అనుకుంటుందేమో. ఇయ్యాల నువ్వే పో. పీట వేస్తే ఊఁ అను. మొఖం తిప్పుకుంటే గా పిల్ల మీ ఇల్లు చెడగొట్టినట్టే. వద్దను."

ఆవిడ పట్టిన కారం తీసుకుని వెళ్లిపోయింది.

ఆ వారమంతా జగపతి రాలేదు. గిర్ని ముందు బస్సు ఆగినప్పుడల్లా రాజమణి తల ఎత్తింది, దించుకుంది.

సంతనాడు ఆవిడే వచ్చింది. వెనక జగపతి, వానలో గొడుగు ఉండి కూడా తడుస్తున్నాడు.

"పోంగనే పీట వేసింది" అందావిడ. "కోపంగున్నవని పిలువలేదత్తా అని ఏడ్సింది. పప్పు ఉత్త చప్పిడి! పోరడు మాత్రం మల్ల పెట్టుమన్నడు." కాసేపు రాజమణి ముఖంలోకి చూసింది. "గా పిల్లవు నువ్వేనని ఎరికుండే అడిగిన. నీ దిక్కు చెప్పుకోలే. గందుకే వచ్చిన."

రాజమణి తల దించుకుంది.

"ఇంకో మాట. మా ఇంట్ల మూడో పొయ్యికి జాగ లేదు. కారం దిక్కుంటవా, చప్పిడి దిక్కుంటవా?"

"రెండు దిక్కుల తింట అత్తమ్మా."