కాటమ్మ గాట్లు

"ఆగప్పా! ఆ మూతి మీద ఉలి పెట్టినావంటే ఊరుకోను!"

ఈరప్ప ఎత్తిన సుత్తి గాలిలోనే ఆగిపోయింది. తిరిగి చూస్తే, చేతిలో పసుపు గిన్నెతో లారీ యజమాని దొడ్డన్న కూతురు కాటమ్మ.

"ఇది మూతి కాదు, రేకు," అన్నాడు.

"నీకు రేకు, మాకు మూతి. శుక్రవారం శుక్రవారం నేనే పసుపు రాస్తా."

"రాసుకో, వద్దన్నానా? లోపల ఇంజన్ పగిలిపోయి ఉండాది. అది బయటికి రావాల్నంటే ఇదే దారి."

"కిందనుంచి లాగు."

"కింద అడ్డంగా ఇనుప దూలం ఉండాది."

"పైనుంచి ఎత్తు."

"పైన డ్రైవర్ కూర్చునే క్యాబిన్ ఉండాది. ఇంకో దారి ఉంటే నువ్వే చెప్పు, ఇంజనీరమ్మా!"

కాటమ్మ గిన్నె కింద పెట్టి, లారీ ముందుభాగమంతా వంగి వంగి చూసింది. "బోల్టులు విప్పితే ఊడి రాదా?"

అది సరైన ప్రశ్నే. ఈరప్ప గొంతు కాస్త తగ్గింది. "బోల్టులుంటే కదా? యుద్ధంలో మిలిటరీవాళ్ళు ఈ రేకులన్నీ కలిపి వెల్డింగ్ చేసేసినారు. అతుకుల వెంబడి కోయాల్సిందే."

"అయితే నొప్పి తెలీకుండా కోయి," అంది కాటమ్మ, రేకుకి చివరిసారి పసుపు రాస్తూ. ఆ చేతి గాజులు రేకుకి తగిలి మోగాయి. అతని చూపు రేకు మీద లేదు.

అది 1946. వై.ఎన్.హొసకోటలో దొడ్డన్న తాతలనాటి గొర్రెల మందనంతా అమ్మి, మిలిటరీ వదిలించుకున్న ఆ లారీని కొన్నాడు. మూడు నెలలకే ఇంజన్ పోయింది. బెంగళూరు నుంచి ఇంకో ఇంజన్ హిందూపురం దాకా రైల్లో, అక్కడినుంచి ఎద్దులబండిలో వచ్చింది. దాన్ని బిగించే పని ఈరప్పది. వెంకటమ్మనహళ్లి కూలివాళ్ళ ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటివాడు, బెంగళూరులో మెకానిక్ చదువు చదివి వచ్చాడు. అతనికి ఇదే మొదటి పని.

"సోమవారం పొద్దున శెనక్కాయ మూటలు హిందూపురం స్టేషన్‌కు పోవాల," అన్నాడు దొడ్డన్న. "బండి కదల్లేదంటే పాత ఇనుముకు ఇచ్చేస్తా. మందను అమ్మి ఇనుము మేపుతాండాడని ఊరంతా నవ్వుతాండారు."

"సోమవారం కదులుతాదప్పా. నాదీ మాట," అన్నాడు ఈరప్ప.

సాయంత్రానికి రేకులు ఎనిమిది ముక్కలుగా విడిపోయాయి. ఏ ముక్క ఎక్కడిదో మరిచిపోకుండా అతను సుద్దముక్కతో ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు వేశాడు. మజ్జిగ తెచ్చిన కాటమ్మ వాటిని చూసింది. అతను చేతులు కడుక్కుని వచ్చేసరికి ఉలి తీసుకుని ముక్కల అంచులకు చిన్న చిన్న గాట్లు పెడుతోంది!

"ఏందది? రేకు పాడుచేస్తాండావు!"

"పాడు కాదు. గుర్తు."

"నంబర్లు వేసినా కదా? చదువు రానోళ్ళు పనిలో చెయ్యి పెడితే ఇట్లే ఉంటాది!"

ఆమె ఆఖరి గాటు ముగించి ఉలి కింద పెట్టింది. మజ్జిగ చెంబు కూడా తీసుకుని వెళ్ళిపోయింది.

శనివారం మూడు దూలాలు కట్టి, గొలుసుతో పాత ఇంజన్ లాగి కొత్తది దించారు. కాటమ్మ రాలేదు. ఎవరో పెద్దావిడ మజ్జిగ తెచ్చింది. అది పుల్లగా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం వాన వచ్చింది. లారీ క్యాబిన్ మీద దరువు వేసి, ఆరుబయట పరిచిన రేకుల మీద చిందులేసి, గంటలో వెళ్ళిపోయింది. దానితో నంబర్లు కూడా.

ఈరప్ప ఒక్కొక్క ముక్కా పెట్టి చూశాడు. ఉలితో కోసిన అంచులు వంకరటింకర. ఒకటి కుదిరితే ఇంకొకటి ఉబ్బుతుంది. బలవంతంగా నెడితే లోపల ఇంజన్ ఫ్యాన్‌కి రాసుకుంటుంది. పొద్దు వాలుతోంది. నేరుగా కాటమ్మ ఇంటి గడప ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"కాటమ్మా, నా నంబర్లు పోయినాయి."

"చదువుకున్నోనివి కదా, మళ్ళీ రాసుకో," లోపలినుంచే సమాధానం.

"తప్పు మాటన్నా. మా అమ్మకు కూడా చదువు రాదు. ఆమె ముందర అని ఉంటే చెంప పగిలేది. నీ గాట్లు ఎట్లా చదవాల్నో నేర్పిస్తావా?"

గాజుల చప్పుడు బయటికి వచ్చింది.

"మేము గొర్రె చెవికి గాటు పెడతాం. వెయ్యి గొర్రెలు కలిసిపోనీ, మాది ఏదో తెలుస్తాది. వానకు పోదు, ఎండకు పోదు." లారీ దగ్గరికి వచ్చి, రేకు అంచు మీద అతని వేలు పట్టుకుని నడిపించింది. "ఈ ముక్కకు రెండు గాట్లు. దీని జోడు అంచుకూ రెండే. వాలుగాటు ఎడమవైపు, నిలువుగాటు కుడివైపు. అంతే."

అంతే! దీపాలు పెట్టే వేళకు ఎనిమిదీ తమ తమ చోట్లలో కూర్చున్నాయి. ఈసారి వెల్డింగ్ లేదు. చేతి డ్రిల్లుతో రంధ్రాలు వేసి బోల్టులు బిగించాడు.

సోమవారం పొద్దున ఊరంతా అక్కడే ఉంది. ఈరప్ప హ్యాండిల్ తిప్పాడు. ఒకసారి దగ్గింది. రెండోసారి ఊరుకుంది. మూడోసారి లారీ గుర్రుమంది! దొడ్డన్న రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, ముఖం మీద చెమట లేకపోయినా.

"చదువంటే ఇదీ!" అన్నాడు శెనక్కాయల గుండప్ప.

"నా చదువు నిన్న వానకు కొట్టుకుపోయిందన్నా," అన్నాడు ఈరప్ప, అందరికీ వినపడేట్టు. "ఈ బండిని కదిలించింది కాటమ్మ గాట్లు. రాండి, చూడండి."

జనం వంగి చూశారు. కాటమ్మ మాత్రం తల వంచలేదు. మందను తోలుకొచ్చే పెద్ద గొర్రెలకాపరిలా నిలబడింది.

"ఆ గాట్లు ఆకురాయితో రుద్దేయప్పా, కొత్త రంగు వేస్తాం," అన్నాడు దొడ్డన్న.

"వద్దు మామా. ఉండనీ."

లారీ చప్పుడులోనూ ఆ మాట అందరికీ వినపడింది.

"ఏమన్నావు?"

ఈరప్ప చెవులు ఎర్రబడ్డాయి, కానీ వెనక్కి తగ్గలేదు. "మామా అన్నా. మీరు ఒప్పుకుంటే."

దొడ్డన్న కూతురి వైపు చూశాడు. "ఏం చెప్తావమ్మా?"

కాటమ్మ పసుపు గిన్నెలో వేలు ముంచింది. "మన మందలోకి వచ్చినదానికి గాటు పెట్టకుండా ఎట్లా వదిలేది నాయనా?"

ఈరప్ప నవ్వుతూ ఆమె ముందు తల వంచాడు. "ఏ చెవి?"

"ఎడమది," అంది కాటమ్మ, ఆ చెవి అంచున పసుపు గీత గీస్తూ.

హిందూపురం స్టేషన్‌లో మూటలు దింపేదాకా అతను ఆ చెవిని తుడుచుకోలేదు.